అంతా గీతల మహిమ

లండన్ చూడబోయే తెలుగువాడు ముందుగా కొనేది స్వెటరు, దిగగానే నమ్మేది నేల కింద నడిచే ట్యూబు రైళ్ళ పటం. ఎర్ర గీత సెంట్రల్, నల్ల గీత నార్తర్న్, ముదురు నీలం పికడిలీ. ఇంత పొందికైన ఊరు భూమ్మీద ఇంకోటి ఉండదనిపిస్తుంది. నిజంగానే లేదు. ఆ పటంలో ఉన్న ఊరు లండన్‌లో కూడా లేదు.

ఆ పటం గీసిన హ్యారీ బెక్ ఊళ్ళు కొలిచే సర్వేయరు కాదు, రైల్వే సిగ్నల్ ఆఫీసులో పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్. కరెంటు తీగల బొమ్మ గీసిన అలవాటుతో 1931లో తీరిక వేళల్లో ఊరి బొమ్మ కూడా గీశాడు. గీతలైతే నిలువుగా ఉండాలి, లేదా అడ్డంగా, కాదంటే 45 డిగ్రీల వాలుగా. స్టేషనుకీ స్టేషనుకీ మధ్య ఎంత దూరం? కింద కూర్చుని పోయేవాడికి దాంతో ఏం పని అన్నాడు. అధికారులు ఇదేం చోద్యమని మొదట తిప్పి పంపారు. 1933లో అచ్చేసి పంచితే జనం ఎగబడి తీసుకున్నారు. అప్పటినుంచీ లండన్‌కి వచ్చినవాళ్ళంతా ఆ తీగల బొమ్మలోనే తిరుగుతున్నారు.

ఈ భక్తి పరాకాష్ఠ చూడాలంటే లెస్టర్ స్క్వేర్ స్టేషనుకి వెళ్ళండి. అక్కణ్ణుంచి కోవెంట్ గార్డెన్ పటంలో పక్క స్టేషనే. మనవాళ్ళు సకుటుంబంగా ఎస్కలేటర్ మీద పాతాళానికి దిగుతారు, సొరంగాల్లో మలుపులు తిరుగుతారు, రైలు కోసం నిలబడతారు, ఎక్కి సర్దుకునేలోగా దిగిపోతారు. పైకి రావడానికి మళ్ళీ లిఫ్టు దగ్గర క్యూ. ఓపిక నశించి మెట్లెక్కినవారికి 193 మెట్లు. ఇంతకీ ఆ రెండు స్టేషన్ల మధ్య దూరం 260 మీటర్లు. ఇంటి దగ్గర పెరుగు ప్యాకెట్టు కోసం ఇంతకంటే ఎక్కువే నడుస్తారు. పైగా కార్డు గీకకుండా రొక్కమిచ్చి టికెట్ కొన్నవాడికి రెండింతలకు మించి వదులుతుంది. నడిస్తే డబ్బూ మిగిలేది, ఊరూ కనిపించేది కదా అంటే, "ట్యూబెక్కకపోతే లండన్ చూసినట్టెలా అవుతుంది?" అని మనల్నే జాలిగా చూస్తారు.

ఆ పటంలో ఊరి తాలూకు నిజం ఏదైనా ఉందంటే అది థేమ్స్ నది ఒక్కటే. దాన్ని కూడా ఇస్త్రీ చేసినట్టు మడతలు తేల్చి పెట్టారు. 2009లో పటం మరీ కిక్కిరిసిపోయిందని ఆ నదిని కూడా తీసేశారు. ఊళ్ళో గగ్గోలు పుట్టింది, మేయర్ బోరిస్ జాన్సన్ మండిపడ్డాడు, కొన్ని నెలల్లోనే నది యథాస్థానానికి వచ్చింది. మనమైతే చెరువును పటంలో భద్రంగా ఉంచి నేల మీద మాయం చేస్తాం. వాళ్ళు నేల మీద నదిని వదిలేసి పటంలో మాయం చేశారు. పని రానివాళ్ళు!

ఇక స్టేషను గేటు సంగతి. "ఏమండీ, మీ కార్డే నాక్కూడా గీకండి" అంటుంది ఇల్లాలు. ఆలుమగలు ఒకటేనన్న ధర్మం ఆ గేటుకి ఎక్కదు. మనిషికో కార్డు ఉండాల్సిందే. అంతకంటే వింత, జేబులో ఉన్న కార్డూ, అదే కార్డు ఫోన్లో ఎక్కించుకున్నదీ ఆ గేటు లెక్కలో ఇద్దరు వేర్వేరు ప్రయాణికులు. దేనితో లోపలికెళ్ళారో దానితోనే బయటికి రావాలి, లేదంటే గరిష్ఠ ఛార్జీ. మన ప్రతిభకి పూర్తిగా పని లేని చోటు మాత్రం ఒకటుంది. పదకొండేళ్ళలోపు పిల్లలకు పెద్దవాళ్ళతో కలిసి వెళ్తే టికెట్టే లేదు. బస్సెక్కగానే బిడ్డ వయసు తగ్గించే విద్య అక్కడ వృథా.

"నాన్నా, కుడిపక్కకి నిలబడండి" అని కొడుకు పళ్ళ బిగువున గొణిగేది ఎస్కలేటర్ మీద. ఎడమపక్క పరుగెత్తేవాళ్ళది. ఈ ఆచారం మంచిచెడ్డలు తేల్చాలని 2015లోనూ, మళ్ళీ 2016లోనూ హోబర్న్ స్టేషన్లో రెండు పక్కలా నిలబడండని రైల్వేవాళ్ళే జనాన్ని బతిమాలారు. రద్దీ వేళ అలా నిలబడితేనే ఎక్కువమంది పైకి చేరుతున్నారని తేలింది. ఊరుకుంటారా, పెద్దమనుషులు గుర్రుమన్నారు, పాత ఆచారమే నిలబడింది. మనవాళ్ళు మొదటినుంచీ రెండు పక్కలా నిలబడి మధ్యలో సూట్‌కేసు కూడా పెడుతున్నారు. శాస్త్రం మన పక్షాన ఉంది, లండనే లేదు.

లోతు లైన్లలో ఏసీ ఉండదు. తవ్విన కొత్తలో చల్లగా ఉన్న బంకమట్టి వందేళ్ళకు పైగా రైళ్ళ వేడి తాగి కూర్చుంది. ఒకప్పుడు ఎండాకాలం ఇక్కడికొచ్చి చల్లబడండని ప్రకటనలిచ్చింది కూడా ఈ రైళ్ళవాళ్ళే. జులైలో సెంట్రల్ లైనెక్కితే బెజవాడ గుర్తొచ్చి కళ్ళు చెమరుస్తాయి, మిగతా ఒళ్ళు కూడా.

నిజానికి పేరుకే పాతాళం, సగానికి పైగా పట్టాలు ఆకాశం కిందే ఉన్నాయి. హీత్రూ నుంచి వచ్చే పికడిలీ రైలు హౌన్‌స్లో దగ్గర చాలాసేపు వెలుతుర్లోనే నడుస్తుంది. ఇళ్ళు, పెరళ్ళు, ఆరేసిన బట్టలు, ఊరంటే అదే. ఆ కాసేపూ మనవాళ్ళు తల వంచుకుని పటం చూసుకుంటూ ఉంటారు.

తలెత్తేది సొరంగంలోకి వెళ్ళాకే. ఇప్పుడు అక్కడ కూడా ఒక్కో లైనుకీ సెల్ సిగ్నల్ ఇస్తున్నారు. పెట్టెలో ఎవరూ ఎవరితో మాట్లాడరు, పేపరు చాటునో పుస్తకం చాటునో తలలు దాచుకుని కూర్చుంటారు. ఆ నిశ్శబ్దంలో స్పీకర్ ఆన్ చేసి, గుంటూరుకి వీడియో కాల్ కలిపి, ఫోన్ కిటికీ వైపు తిప్పి, "అక్కా, ఇదిగో లండన్!"

"చీకటిగా ఉందేంటే? అక్కడా కరెంటు తీస్తారా?"