సెట్టయిందా?

మొన్న తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేసి, "మా అమ్మాయికి సంబంధం సెట్టయిందండీ" అన్నారు. కుర్రాడేం చేస్తాడంటే, "డల్లాస్‌లో సెట్టయ్యాడు" అన్నారు. ముహూర్తం? "వచ్చే నెల సెట్ చేశాం." కట్నం సంగతి నేనడగలేదు. ఆయనే గొంతు తగ్గించి, "అదీ సెట్ చేసుకున్నాం లెండి" అన్నారు. పెళ్ళి, కొలువు, లగ్నం, నేరం, నాలుగూ అయిపోయాయి. క్రియ మాత్రం ఒక్కటే.

ఈ మాటతో ఇంగ్లిషువాడి అవస్థ వేరు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలు. అవి చెప్పడానికి దాదాపు 60,000 మాటలు ఖర్చు పెట్టారు. తర్వాత ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటి పరుగెత్తిందనుకోండి, అది వేరే గోల. వాళ్ళ సూర్యుడూ సెట్టవుతాడు, సిమెంటూ సెట్టవుతుంది. విరిగిన ఎముకనీ, ఉంగరంలో రాయినీ, ఎలకలబోనునీ, అలారాన్నీ సెట్టే చెయ్యాలి. ఇంకో మాట లేక కాదు, ఉన్నదాన్ని అరగదీయడం వాళ్ళకి అలవాటు.

మనకి మాటల కరువు ఏనాడూ లేదు. సూర్యుడు గుంకుతాడు. పెరుగు తోడుకుంటుంది. రవ్వలు పొదుగుతారు, ఉచ్చు పన్నుతారు, ముహూర్తం పెడతారు. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటారు. సంబంధం కుదురుతుంది, చీర నప్పుతుంది, అత్తాకోడళ్ళకి పొసగుతుంది (ఇది అరుదనుకోండి). పనికొక క్రియ, పర్మనెంటు ఉద్యోగుల్లా తరతరాలుగా చాకిరీ చేశాయి. వాటన్నిటికీ స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చి ఇంటికి పంపేశాం. అ నుంచి బండి ఱ దాకా ఉన్న పనంతా ఒక్క కాంట్రాక్టు ఉద్యోగి నెత్తిన పెట్టాం.

చదువుల్లోనూ ఇదే మాట. ఇంటర్ కాగానే ఎంసెట్. డాక్టరు సీట్లు నీట్‌కి పోయాక ఆంధ్రప్రదేశ్ 2021లో, తెలంగాణ 2024లో దాని పేరు ఈఏపీసెట్‌గా మార్చాయి. తల మార్చారు గానీ తోక ముట్టుకోలేదు. ఇంకా ఈసెట్, పాలిసెట్, ఎడ్‌సెట్, లాసెట్, ఐసెట్ ఉన్నాయి. నిజానికి ఈ సెట్టు ఆ సెట్టు కాదు, పరీక్ష పేర్లలో పొడి అక్షరాల ముద్ద. ఆ తేడా ఏ తండ్రికి కావాలి? సెట్ గట్టెక్కితే లైఫ్ సెట్. గట్టెక్కకపోతే వాడి మైండ్‌సెట్ బాగాలేదంటారు. ఆ తర్వాత హెడ్‌సెట్ తగిలించుకుని రాత్రి షిఫ్టులు, చివరాఖరికి పళ్ళ సెట్టు.

దీని చుట్టపక్కాల సంగతి చూడండి. ‘సెటప్’ అంటే అక్కడ ఏర్పాటు, ఇక్కడ చిన్నిల్లు. ‘సెట్టింగ్’ అంటే సినిమావాళ్ళకి ప్లైవుడ్ రాజమహలు, కాంట్రాక్టరుకి ఆఫీసరుగారింటి పెరటి గుమ్మం. ‘సెటిల్‌మెంట్’ రిజిస్ట్రారు ఆఫీసు లోపల తండ్రి కొడుక్కి రాసిచ్చే దస్తావేజు. గేటు బయట, అదే స్థలం మీద, బండి నిండా దిగిన మనుషులు చేసే పంచాయితీ. వీటి పేటెంటు మనదే. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళకి ఉచితంగా ఇచ్చుకుంటాం, ఓపికుంటే వేసుకోమనండి.

నిన్న ఆ పెద్దమనిషి శుభలేఖ వాట్సాప్‌లో వచ్చింది. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఇంగ్లిషే. ఫోన్ చేసి, తెలుగులో వేయించలేదా అని అడిగాను.

"వేయిద్దామనే చూశామండీ. తెలుగు ఫాంటు సెట్టవలేదు."