మిగతా సగం మూడేళ్ల తర్వాత

ఫిల్మ్‌నగర్‌లో కథలు వినే తీరు మారిపోయిందని భోగట్టా. ఇదివరకు ‘లైన్ ఏంటి?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘ఎన్ని పార్టులు?’ అంటున్నారట. ఒకటే అన్న కుర్రాడికి మంచినీళ్లిచ్చి సాగనంపుతారు. రెండంటే కాఫీ వస్తుంది. ‘ఇదో యూనివర్స్ సార్’ అన్నవాడికి అడ్వాన్స్ చెక్కు. ఆ యూనివర్స్‌లో ఏముందని ఎవరూ అడగరు. అంత పెద్దదాంట్లో ఏదో ఒకటి ఉండకపోదు కదా!

దీనికి నిర్మాతల్ని ఆడిపోసుకోవడం అన్యాయం. కొత్త కథ తీస్తే ముందు దాని పేరు జనం నోళ్లలో నానాలి. అందుకు టీజరు, పాటలు, ప్రీ రిలీజ్ ఈవెంటు, బోలెడు ఖర్చు. పాత పేరుకు 2 తగిలిస్తే ఆ పని ఎప్పుడో అయిపోయినట్టే. నైజాం బయ్యరు కథ అడగడు, ‘మొదటిది ఎంత చేసింది?’ అంటాడు. డిజిటల్ హక్కులు కొనేవాడూ, హిందీ డబ్బింగ్ కొనేవాడూ అడిగేది అదే. సినిమా పూర్తికాకముందే హక్కుల బేరాలు తెగిపోయే వ్యాపారంలో క్లైమాక్స్ కంటే అంకెకే విలువెక్కువ.

అలాగని సీక్వెల్ అంటేనే పాపమని కాదు. టిల్లు అనే కుర్రాడు 2022లో నచ్చాడు. జనం మళ్లీ రమ్మంటే 2024లో ‘టిల్లు స్క్వేర్’గా వచ్చాడు. ఇప్పటి తంతు వేరు. మొదటి సినిమాకు ఒక్క టికెట్టూ తెగకముందే పోస్టరు మీద ‘పార్ట్ 1’ అని వేసుకుంటున్నారు, పెళ్లిచూపుల్లోనే బారసాలకు పిలిచినట్టు. 2023లో ‘పెదకాపు 1’ అలాగే వచ్చింది. ఆ ఒకటి దగ్గరే ఆగింది.

తప్పంతా ‘బాహుబలి’ కట్టప్పది. 2015లో అతను పొడిచిన ఒక్క పోటుకి దేశం దేశమంతా దాదాపు రెండేళ్లు తల బద్దలుకొట్టుకుంది. రాజమౌళి సమాధానం దగ్గర పెట్టుకుని ప్రశ్న వేశారు, 2017లో చెప్పేశారు. పరిశ్రమ మాత్రం ప్రశ్న వేస్తే చాలనే నేర్చుకుంది. 2024లో ‘దేవర’ చివర్లోనూ ఓ కత్తి దిగింది. ఎందుకు దిగిందో వచ్చే భాగంలో చెబుతారట. అదే ఏడాది ‘భారతీయుడు 2’ 28 ఏళ్ల తర్వాత తీరిగ్గా వచ్చి, పోతూ పోతూ మూడో భాగం ట్రైలర్ చూపించి వెళ్లింది. ‘పుష్ప 2’ 3 గంటల 20 నిమిషాలు నడిచినా కథకు చోటు చాలక, ఆఖర్లో ‘పుష్ప 3’ బోర్డు పెట్టింది.

ఇందులో ఇంకో సుఖముంది. రెండో భాగం ప్రకటించడానికి పైసా ఖర్చు కాదు. మొదటిది ఆడితే ‘ముందే చెప్పాంగా’ అనొచ్చు. పోతే రెండోదేదని అడిగే నాథుడుండడు. హీరోయిన్ రెండు పాటలకే పరిమితమైందంటారా? ఆమె అసలు పాత్ర పార్ట్ 2లో ఉంది. విలన్ తేలిపోయాడా? అసలు విలన్ పార్ట్ 2లో దిగుతాడు. కథ లేదా? అదీ అక్కడే ఉంది.

మరి మనమో? కొత్తదనం చచ్చిపోయిందని టీకొట్టు దగ్గర వాపోతాం. కొత్త కథతో చిన్న సినిమా వస్తే ‘ఓటీటీలో చూద్దాంలే’ అంటాం. నలుగురున్న ఇల్లు టికెట్లకీ పాప్‌కార్న్‌కీ వేలు పోసేటప్పుడు తెలిసిన పేరు మీదే పందెం కాస్తుంది. నిర్మాత పెట్టుబడి పెట్టేటప్పుడూ సరిగ్గా అదే చేస్తాడు. భయం ఇద్దరిదీ ఒకటే. కాకపోతే ఆయన భయానికి కూడా టికెట్టు మనమే కొంటున్నాం.

కాబట్టి ప్రభుత్వాలకో విన్నపం. పెద్ద సినిమా వస్తోందంటే రేట్లు పెంచుకోమంటూ రెండు రాష్ట్రాల్లోనూ జీవోలు వస్తుంటాయి కదా, వాటిలో ఒక్క వాక్యం చేర్చండి: ‘పార్ట్ 1 అని వేసుకున్న సినిమాకు సగం రేటే తీసుకోవాలి. మిగతా సగం క్లైమాక్స్ చూపించాక వసూలు చేసుకోవచ్చు.’ ఆ జీవో వచ్చిన మర్నాడే ఎడిటింగ్ రూముల్లో అద్భుతం జరుగుతుంది. మూడు భాగాల్లోనూ పట్టదన్న కథ రెండున్నర గంటల్లో ఇమిడి కూర్చుంటుంది.