పాత మంచానికి కొత్త చావు

భీవండి పద్మనగర్‌లో పాత సామాను బయటపడే సందర్భాలు రెండే. బతుకమ్మ పండుగకు ఇల్లు దులిపినప్పుడు, అన్నదమ్ములు గది అమ్ముకుని వేరుపడినప్పుడు. పోట్‌మాలా (అటక) మీంచి ముందుగా దిగేది నవారు మంచం. తాత కరీంనగర్ నుంచో పాలమూరు నుంచో సాంచాల (మరమగ్గాల) మీద పనికి ఇక్కడికి వచ్చి, నాలుగు పైసలు వెనకేసుకున్నాక కొన్న టేకు మంచం. తర్వాత ఒక కాలు ఊగే స్టూలు, ఆకుపచ్చ పెయింటు వేసిన చెక్క సందూగ. పాత సామాను కొనే భంగార్‌వాడికి ఇస్తే తాత ఆత్మ క్షోభిస్తుంది, ఉంచుకుంటే కోడలు క్షోభిస్తుంది. మధ్యేమార్గంగా మన చేత్తోనే దానికి కొత్త రూపం ఇద్దామని సెలవునాడు కూర్చుంటారు చూడండి, ఈ సలహాలు వాళ్ళ కోసం.

అన్నిటికంటే ముఖ్యం, వస్తువును తిరగేసి చూడకూడదు. అడుగున గోరుతో గీకి, ఇది చేవ ఉన్న టేకా, మామిడి చెక్కా, లేక చెక్క పొట్టును జిగురుతో అదిమిన బోర్డా అని ఆరా తీసేవాళ్ళు ఆదివారం లోపల పని ముగించలేరు. కాశేలి, కల్హేర్ రోడ్డు పొడుగునా ఫర్నిచర్ దుకాణాలే కదా. అక్కడ ఎప్పుడో కొన్న బోర్డు అల్మారాకూ తాత మంచానికీ ఒకే మర్యాద చేయండి. వాననీళ్ళకు ఉబ్బిన బోర్డు ఎండలో పెట్టినా తగ్గదు. ఒకసారి ఊడిన స్క్రూ అదే బొక్కలో మళ్ళీ పట్టదు. పట్టకపోతే పక్కన ఇంకో బొక్క పెట్టండి, దాని పక్కన మరోటి. బోర్డు అయిపోయేదాకా జాగాకు కరువు లేదు.

చెక్క కింద రోజూ మెత్తని పొడి రాలుతుంటే, పుచ్చు పురుగు ఇంకా లోపలే పని చేస్తోందని అర్థం. దాన్ని ఇబ్బంది పెట్టకుండా పైన రంగు వేసేయండి. టేకు చేవలోకి పురుగు తేలిగ్గా దిగదు కానీ అంచున ఉండే తెల్ల చెక్కను వదలదు. మందు సిరంజితో బొక్కల్లోకి ఎక్కించి, కొన్నాళ్ళు ఆగి, పొడి రాలడం నిలిచిందో లేదో చూసుకునే ఛాదస్తులు ఉన్నారు. వాళ్ళ మంచాలు ఇంకా నిలబడే ఉన్నాయి, పాపం.

ఇక రుద్దడం. చెక్కలో గీతలు పడుగులాగా ఒకే వైపు సాగుతాయి. నేత ఇంట పుట్టారు కాబట్టి మీరు పేకలాగా అడ్డంగా రుద్దండి. ఆ గీరలు మామూలుగా కనపడవు, పాలిష్ వేశాకే ఒక్కొక్కటీ లేచి వచ్చి పలకరిస్తాయి. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 180, 220 అంటూ మెట్లెక్కడం ఎందుకు? 80తోనే మొదలు, 80తోనే ముగింపు.

సందూగ మీది ఆకుపచ్చ పెయింటు 2017 నవంబరు కంటే ముందుదైతే మరీ మంచిది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన ఆ నెలలోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాలో ఎంత పోశారో పోసినవాడికే తెలియాలి. కాబట్టి తలుపు మూసి, ఫ్యాను పెట్టి, బియ్యం డబ్బా పక్కన కూర్చుని పొడిపొడిగా గీకండి. పిల్లలు దగ్గరుంటే వాళ్ళకూ ఒక కాగితం ముక్క ఇవ్వండి. ముక్కుకు మాస్కు కట్టి, తడిపి రుద్ది, ఆ మట్టిని గుడ్డతో ఎత్తి పారేసేవాళ్ళు పిరికివాళ్ళు.

లక్క పాలిష్‌కు ముహూర్తం జూలై. గాలిలో తేమ నిండుగా ఉన్నప్పుడు వేస్తేనే పాలిష్ మీద తెల్లటి పొగమంచు లేస్తుంది, ఇదేదో కొత్త డిజైను అనుకుంటారు చుట్టాలు. పాలిష్ వద్దు, అవిసె నూనె పూస్తామంటారా? పూయండి. చిందీకి, అంటే గుడ్డపేలికలకు, భీవండిలో లోటు లేదు. నూనె తుడిచిన చిందీలన్నీ ఉండచుట్టి, మూల, పత్తి నుసి పేరుకున్న చోట కుప్పగా పెట్టండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టిస్తుంది. కుప్పలో వేడి బయటికి పోక, అగ్గిపుల్ల అవసరం లేకుండానే గుడ్డ అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టినా, నీళ్ళ బకెట్‌లో వేసినా ఈ తమాషా చూడలేరు.

ఈ ఊరి ప్రత్యేకం మాత్రం సాంచా ఫర్నిచర్. 1982 సమ్మె తర్వాత ముంబై మిల్లుల నేత పని చాలా మటుకు మరమగ్గాల ఊళ్ళకు తరలింది, అందులో భీవండిది పెద్ద చెయ్యి. అప్పట్నుంచి రాత్రీ పగలూ ఆడిన ప్లెయిన్ సాంచాలను ఇప్పుడు తీసేసి రాపియర్లు, ఎయిర్‌జెట్లు అనే కొత్త మగ్గాలు పెడుతున్నారు. పాతవి కిలో లెక్కన భంగార్‌కు పోతున్నాయి. వాటి పక్క ఫ్రేములు పోత ఇనుము, బల్లకు కాళ్ళుగా అమర్చితే ఏనుగెక్కినా కదలవు. ఎత్తు ఎక్కువనిపిస్తే గేట్లు చేసే వెల్డింగు దుకాణానికి తీసుకెళ్ళి కోయించి అతికించండి. పోత ఇనుమును మామూలు రాడ్డుతో అతికితే అతుకు పక్కనే పగుళ్ళొస్తాయి. నికెల్ రాడ్డు కావాలి, ముందు వేడి చేయాలి, తర్వాత మెల్లగా చల్లారనివ్వాలి. ఈ సంగతి తెలిసిన జాబర్ మీ గల్లీలోనే ఉండొచ్చు. సాంచా చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పే మనిషి. ఆయన్ని అడగొద్దు. ఆయనకు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేదు.

సాంచా చెక్క భాగాలు ఏళ్ళ తరబడి ఆయిలు తాగి నల్లబడి ఉంటాయి. నలుపు చూసి రోజ్‌వుడ్ అనుకోండి. ఆయిలు తాగిన చెక్క మీద ఫెవికాల్ పట్టదు, పాలిష్ ఆరదు. థిన్నర్‌తో ఎంత తుడిచినా గుడ్డకు నలుపు అంటుతూనే ఉంటుంది. ఏదో మూల చిన్న ముక్క మీద వేసి చూస్తే సంగతి తేలిపోతుంది, అందుకే చూడకండి. అతికించిన గంటకే మీద టీ కప్పులు పెట్టండి. క్లాంపు బిగించి రేపటిదాకా ముట్టుకోకుండా ఉండడం పనీపాటా లేనివాళ్ళ లక్షణం.

సాంచాలో పేకను అటూ ఇటూ నడిపే ధోటాలంటే (నాడెలంటే) ముంబై వాళ్ళకు మోజు. నున్నటి చెక్క, రెండు కొనలకూ ఉక్కు ములుకులు. ఆన్‌లైన్‌లో కొవ్వొత్తి స్టాండ్లుగా, తాళాల కొక్కేలుగా అమ్ముతున్నారు. సాంచాలోంచి ఎగిరిన ధోటా మనిషికి తగిలితే ఏమవుతుందో కార్ఖానాలో పని చేసినవాళ్ళను అడిగితే చెబుతారు. మీరు మాత్రం పిల్లల కళ్ళ ఎత్తులో, ములుకు బయటికి ఉండేలా గోడకు బిగించండి. ఇక ఏ కేఫేలోనో సాంచా కాళ్ళ మీది బల్ల దగ్గర కాఫీ ధర చూసి, ఆ సాంచా మీదే మీటరు లెక్కన కూలి తీసుకున్న మనిషి లేచిపోతాడనుకోండి, అది ఫర్నిచర్ తప్పు కాదు.

ఒక పక్కమాట. పాతదానికి కొత్త ప్రాణం పోయడాన్ని ఈ ఊళ్ళో ఒకసారి సర్కారే తలకెత్తుకుంది. 2017 ఏప్రిల్ 1న పవర్‌టెక్స్ ఇండియా పథకాన్ని కేంద్రం భీవండిలో ప్రారంభించింది. ప్లెయిన్ సాంచాను ఉన్నచోటనే మెరుగుపరచడం అందులో ఒక భాగం. పడుగు పోగు తెగితే తనంతట తానే ఆగే ఏర్పాటు, పేక తెగినా ఆగే ఏర్పాటు, మంచి బ్రేకు. జనరల్ వర్గం వారికి ఖర్చులో సగం సబ్సిడీ ఉండేది. కానీ పద్ధతి చూడండి ఎంత చప్పగా ఉందో. ఫ్రేము ముట్టుకోరు, రంగు వేయరు, పని తక్కువైన చోట మాత్రమే చెయ్యి పెడతారు. ముందు ఫొటోకూ తర్వాత ఫొటోకూ తేడా తెలియదు. ఇలాంటి పనికి లైకులెవరు కొడతారు?

గోదాముల వెనక పడేసిన ప్యాలెట్ల సంగతి రెండు మాటల్లో. విదేశీ సరుకుతో వచ్చినవాటి మీద కాల్చిన ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అంటే లోపలి చెక్కదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించారని, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. ముద్ర చదవకుండా, మీద ఏ డ్రమ్ము కారిందో అడక్కుండా తెచ్చి పిల్లకు ఉయ్యాల చేయండి.

చివరికి నవారు మంచం. నవారు వదులైందనే కదా ఇంత రభస. దాన్ని కోసి పారేసి, పట్టెల మీద ప్లైవుడ్ పరిచి మేకులు దిగ్గొట్టండి. టేకు పట్టె చీలితే మేకు సైజు పెంచండి. నూలు నవారు వాడేకొద్దీ సాగుతుంది, విప్పి ఉతికి మళ్ళీ లాగి బిగిస్తే చాలు. మన గల్లీలో అలా బిగించడం తెలిసిన ముసలాయన ఎవరైనా ఉంటే పొరపాటున కూడా పిలవకండి. చాయ్ తాగి, పట్టె మీద పాదం తన్నిపెట్టి లాగి, పొద్దుగూకేలోగా మంచం బాగుచేసేస్తాడు. అప్పుడిక మీరు చేయడానికి దాని మీద పడుకోవడం తప్ప ఏమీ మిగలదు.