ఒక టవరు స్పీకరు స్వీయచరిత్రము

చైతన్యపురి మెట్రో స్టేషనునకు అనతిదూరమున, ఒక అపార్టుమెంటు మూడవ అంతస్తులో, టీవీకి కుడివైపున నిలిచియున్న నల్లని నిడుపాటి పెట్టెను నేను. ఎడమవైపు నున్నవాడు నా సోదరుడు. 2018లో అమీరుపేటనుండి ఎల్బీనగరు వరకు మెట్రో నడువ నారంభించిన దినములలో, కోఠి గుజరాతీగల్లీనుండి ట్రాలీ ఆటోలో, మలకుపేట మీదుగా ఇరువురము నిచటికి చేరితిమి. మా శిరోభాగమున ట్వీటరును, నడుమ మిడ్‌రేంజి కోనును, అడుగున వూఫరును ఉండుటయేగాక, ఆ వూఫరును నడుపు ఆంప్లిఫయరుకూడ మా కడుపులోనే కలదు. కావున వీపున ఎఱ్ఱ నల్ల టెర్మినళ్లు మాత్రమే చాలక, గోడనుండి 230 వోల్టుల విద్యుత్తును, ఎల్‌.ఎఫ్‌.ఈ. (మంద్రధ్వనుల మార్గము) అను గుర్తుగల మరియొక గుండ్రని సాకెట్టును మాకు వలసివచ్చెను. ఈ యింట జరిగిన వాదములకెల్ల ఆ సాకెట్టే మూలము.

మమ్ము కొనినవారు నల్లగొండలో తెలుగు చెప్పి విరమించిన మాస్టారు. వైరింగునకు దిల్‌సుఖ్‌నగరునుండి వచ్చిన కుఱ్ఱవాడు శబ్దమును స్పీకర్లకు పంచు రిసీవరునుండి రాగితీగను మా టెర్మినళ్లకు బిగించి, "సార్, ఇదొక్కటి సాలు. బాస్ గూడ దీంట్లకెల్లే వస్తది" అనెను. వాడు చెప్పినది నిజము. రిసీవరులో మమ్ము 'లార్జ్' అనియు, సబ్ వూఫరు లేదనియు పేర్కొనినచో, సినిమాలోని మంద్రధ్వనులుకూడ ఆ తీగవెంటనే మమ్ము చేరును. వూఫరు బరువంతయు రిసీవరుపై పడునని కొందరు భయపడుదురు గాని, నా లోపలి ఆంప్లిఫయరు ఆ తీగలోని సంకేతమును మాత్రము గ్రహించి, బలమును గోడనుండియే తెచ్చుకొనును.

మాస్టారికి ఈ ఒక్క తీగయే పరమసమ్మతము, ఏలనన ఆయన చూచునవి పాత చిత్రములు. 1957 నాటి నలుపు తెలుపుల 'మాయాబజార్'లో శబ్దమంతయు ఒకే ట్రాకులో ఇమిడియున్నది. ఆనాటి ఫిల్ముపై అతిమంద్రమునకు చోటే తక్కువ. కాని మనుమడు అదే చిత్రమునకు 2010లో రంగులద్ది, డి.టి.ఎస్. శబ్దముతో వెలువరించిన ప్రతిని తెచ్చి, "తాతా, దీనికి ఇంకో కేబుల్ వెయ్యాలి" అని పట్టుబట్టెను. వానివాదమును కొట్టివేయరాదు. మమ్ము 'స్మాల్' అని చెప్పి, 80 హెర్ట్‌జులకు దిగువనున్నదంతయు ప్రత్యేకముగా ఆ గుండ్రని సాకెట్టునకు పంపినచో, గది గోడలవలన ఉబ్బు మంద్రమును రిసీవరు విడిగా అదుపుచేయగలదు. రిసీవరుకు సబ్ సాకెట్టు ఒక్కటే గనుక వై ఆకారపు స్ప్లిట్టరుతో దానిని మా యిరువురకును పంచిరి.

ఆపై వాడు మమ్ము 'లార్జ్'గానే ఉంచి, మెనూలో 'ఎల్‌.ఎఫ్‌.ఈ. ప్లస్ మెయిన్' అనుదానిని నొక్కగా, ఒకే మంద్రధ్వని రెండు మార్గముల నాయందు ప్రవేశించి, వంటింటి గిన్నెలు కదలునంతగా నేను ఘూర్ణిల్లితిని. దానికి తోడు సినిమా ఆగినను ఆగని 50 హెర్ట్‌జుల హమ్మింగొకటి. డాబామీదినుండి దిగిన కేబులు టీవీ తీగయొక్క ఎర్తును మా ఎర్తును వేరువేరగుటచే పుట్టిన దోషమది. ఆ తీగకు ఐసొలేటరు తగిలింపగా శాంతించెను. ఇట్టిచో కొందరు మూడుపిన్నుల ప్లగ్గునుండి ఎర్తు పిన్నునే విరిచివేయుదురు. హమ్మింగు పోవును, ప్రాణమునకు పూచీ యుండదు.

తుదకు తాతమనుమ లిరువురకును నచ్చిన మార్గమొకటి దొరకెను. రెండు తీగలును ఉంచి, మమ్ము 'స్మాల్'గా మార్చి, రెండు దారుల వచ్చు ఆ డబుల్ బాస్‌ను తీసివేసిరి. సినిమావేళ మంద్రము కేబులు దారిని వచ్చును. మాస్టారు ఘంటసాల పాటలు వినునపుడు రిమోటుపై 'డైరెక్ట్' నొక్కుదురు. అప్పుడు మా రిసీవరు విభజనలన్నియు మాని, పాటను సంపూర్ణముగా రాగితీగవెంటనే పంపును. నా జాతివారందరికిని ఈ రెండు తీగల ఏర్పాటు చెల్లదు, మాన్యువలు చూచుకొనవలయును. నన్నడిగినచో, పాటలే వినువారికి రెండవ కేబులు దండుగ.

ఇక నా వీపుననున్న బాస్ నాబును ఎంతవరకు త్రిప్పవలెనను తగవు మాత్రము మనుమనికిని క్రింది వాటావారికిని నడుమ నేటికిని సాగుచున్నది. అందు నాకు ఓటు లేదు.