చెవి బిళ్ల పోయిన ఆసామి

చెవి బిళ్ల పోయిన ఆసామి పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెల్లో, ముఖ్యంగా పర్చూరు, ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు విరివిగా కనిపిస్తాడు. పొలంలో పత్తి, మిరప. కొట్టంలో రెండు పాడిగేదెలు. గుంటూరు మిర్చి యార్డులో కమీషను కొట్టువాడు ఎప్పుడో ఇచ్చిన చిట్టీ కూడా ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటుంది. గేదె చెవి బిళ్ల మీదున్న 12 అంకెల నంబరు మాత్రం ఎక్కడా రాసి ఉండదు. బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తలను మేపేవాడు ఈ కోవలోకి రాడు.

2019లో గాలికుంటు టీకాల జాతీయ కార్యక్రమం మొదలయ్యాక ఈ పసుపుపచ్చ బిళ్ల ఊరూరా వ్యాపించింది. టీకా, కృత్రిమ గర్భధారణ వివరాలు ఆ నంబరు మీదే ‘భారత్ పశుధన్’ అనే సర్కారీ కంప్యూటరు లెక్కకెక్కుతాయి. గేదెకు ఈ లెక్కతో పనిలేదు. పత్తికట్టె దడికి చెవి రుద్దుకుంటుంది, పుండుపడి చెవి చిరుగుతుంది, బిళ్ల పేడకుప్పలో కలుస్తుంది. ఆసామి గమనించడు. బ్రిటన్‌లో బిళ్ల పోయినట్టు గమనించిన 28 రోజుల్లో పాత నంబరుతోనే కొత్తది వేయించాలి. ఆ చట్టం ఇక్కడుంటే ఈయనకు మొదటి రోజే రాదు.

ఇక్కడి పద్ధతి వేరు. కొత్త నంబరు బిళ్ల వేసి, పాత నంబరు చరిత్రను కంప్యూటరులో దానికి కలుపుతారు. అందుకు పాత నంబరు కావాలి. అడిగితే ఆసామి సుడులు చెబుతాడు, కొమ్ము వంపు చెబుతాడు, ఎన్ని పళ్లు వేసిందో, ఎన్నో ఈతో, తల్లిని ఏ సంతలో కొన్నాడో చెబుతాడు. పోనీ సెల్ నంబరుతో వెతుకుదామంటే, ఆనాడు రాయించింది బావమరిది నంబరు.

బీమా ఉంటే చిక్కు ముదురుతుంది. ట్యాగు లేకుంటే క్లెయిము లేదన్నది పశువుల పాలసీల్లో మామూలు షరతు. బిళ్ల పోతే వెంటనే కంపెనీకి తెలిపి మళ్లీ వేయించాల్సిన బాధ్యత యజమానిదే. ఆసామి ఈ షరతు చదివేది గేదె చచ్చిన రోజున. ఆ పూట ఇంటిల్లిపాదీ పేడకుప్ప తిరగేస్తారు.

ఒక్కోసారి, కొత్త బిళ్ల వేయించాక పాతది దొరుకుతుంది. దాన్ని కడిగి ఆసుపత్రికి పట్టుకొచ్చి, తగిలించమంటాడు. ఊడిన బిళ్ల మళ్లీ బిగియదని కాంపౌండరు చెబితే తలూపి, ఇంటికెళ్లి పురికొసతో పలుపుకు కడతాడు. తర్వాతి విడత టీకాలకు వచ్చినవాళ్లు ఏ నంబరు రాసుకోవాలని అడిగితే, “రెండూ రాసుకోండి, ఏదో ఒకటి తగుల్తుంది” అంటాడు.