చచ్చినవాడి గోప్యత

మొత్తానికి మన అధికారుల పరువు దక్కింది. డేటా రక్షణ చట్టంలో రెండేళ్లు నిద్రపోయిన 44(3) సెక్షన్ 2025 నవంబరులో లేచి, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మింగేసింది. వ్యక్తిగత సమాచారమా? ఇవ్వక్కర్లేదు. అంతే సంగతులు.

ఇకనుంచి గుంతల రోడ్డు వేసిన కాంట్రాక్టరు పేరు వ్యక్తిగతం. బిల్లు పాస్ చేసిన ఇంజినీరు సంతకం మరీ వ్యక్తిగతం.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసేది ఉపాధి హామీ పనుల మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచీ సామాజిక తనిఖీ అంటే, మస్టర్‌లో పేర్లు గ్రామసభలో పైకి చదవడమే. "ఫలానా ఆయన, ఆరు రోజులు, కూలి ముట్టింది" అనగానే వెనకనుంచి ఒకామె లేచి, "మా ఆయన పోయి మూడేళ్లయింది, ఎప్పుడొచ్చి తవ్వాడు నాయనా?" అంటే దొంగ లెక్క దొరికిపోయేది.

ఇప్పుడా బెంగ లేదు. చచ్చినవాడు చెరువు పూడిక తీస్తే తీయొచ్చుగానీ, ఆయన పేరు అడిగితే మాత్రం మర్యాద కాదు.

బతికుండగా ఆ మనిషి ఆధార్ అడిగారు, వేలిముద్ర అడిగారు, పని దగ్గర నిలబెట్టి ఫొటో తీశారు. అప్పుడు గుర్తురాని గోప్యత, కూలి ఎవరు మింగారని అడిగేసరికి గుర్తొచ్చింది!

వెటకారం చాలు, ఒళ్లు మండుతోంది. పాత సెక్షన్ గోప్యతను కాపాడలేదా? ప్రజలకు సంబంధం లేని సొంత విషయాలు ఇవ్వొద్దనే చెప్పింది. శాసనసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదని కూడా చెప్పింది. ఆ మాటే కొట్టేశారు. పైగా డేటా చట్టంలోని 17(2) కింద కేంద్రం ఒక్క నోటిఫికేషన్‌తో తన సంస్థలను ఆ చట్టం నుంచే తప్పించవచ్చు. మన వివరాలు వాళ్లు చూడొచ్చు, వాళ్ల లెక్క మనం చూడకూడదు. ఇది రక్షణా?

సమాచారం ఇవ్వకపోతే అధికారికి జరిమానా రోజుకు 250 రూపాయలు. డేటా చట్టంలో సంస్థకు 250 కోట్ల దాకా. ఏ గుమాస్తా దేనికి భయపడతాడో చెప్పాలా?

ఏ పార్టీదీ వేరే దారి కాదు. 2021లో తెలంగాణ సర్కారు పైవాళ్ల అనుమతి లేనిదే సమాచారం ఇవ్వొద్దంటే హైకోర్టు ఆపింది. ఆంధ్రలో అదే ఏడాది జీవోలనే ఆన్‌లైన్‌లో పెట్టడం మానేశారు.

అయినా సమాచార హక్కు చట్టంలో, ప్రజాప్రయోజనం కోసం సమాచారం ఇవ్వొచ్చనే 8(2) ఇంకా బతికే ఉంది. దరఖాస్తులో ఆ సెక్షన్ రాయండి, ప్రజాప్రయోజనం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పండి. కాదంటే 30 రోజుల్లో అప్పీలు వేయండి. మండలాఫీసులో దరఖాస్తు ఫీజు ఐదు రూపాయలే. అడగడం మానేశామంటే ఈ సవరణను మనమే ఆమోదించినట్టు.