అర అంగుళం బావగారు

హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. ఆ చట్టంలోనే ఒక సందు కూడా ఉంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే కొనుక్కోవచ్చు. సందు కనబడ్డాక మనవాళ్లు ఊరుకుంటారా? విస్సన్నపేటలో ఉన్నన్నాళ్లూ పెరట్లో కోడిని పట్టమంటే పక్కింటివాణ్ణి పిలిచినవాళ్లు అక్కడ కాయితాల మీద వేటగాళ్లయిపోయారు. పూర్వం వేటకని తుపాకీ కొనేవారు. ఇప్పుడు తుపాకీ కోసం వేటగాళ్లవుతున్నారు.

అలాంటి వేటగాడు సంక్రాంతికి టెక్సాస్ నుంచి దిగుతాడు. పేరెందుకు లెండి, సగం ఊరికి ఆయన బావగారు. ఒక్కరని కూడా అనుకోకండి, ఏ ఊరి బావగారు ఆ ఊరికున్నారు. నూజివీడు రోడ్డు మీద టీ బంకు దగ్గర కూచుని, కొత్త రైఫిల్‌కు గురి ఎలా కుదిర్చిందీ మొదలుపెడతారు. తూటా రకం సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్. 2007లో బజారులోకి వచ్చింది. అంతకు నూరేళ్ల ముందు, 1906లో వచ్చిన థర్టీ ఆట్ సిక్స్‌తో అమెరికాలో తరాల తరబడి జింకలు పడుతూనే ఉన్నాయి. బావగారు వల్లించే బాలిస్టిక్ కోఎఫిషియంట్ అంటే ఏమిటో తెలియక పడ్డాయి కాబోలు, పాపం.

ముందే ఒక మాట చెప్పాలి. కొత్త రైఫిల్‌కు గురి కుదర్చడం వేళాకోళం చేయాల్సిన పని కాదు. స్కోపును పట్టి ఉంచే రింగుల మరలు ఎంత బిగువుండాలో అంతే బిగించాలి. వదులైతే ప్రతి దెబ్బకూ స్కోపు కదులుతుంది, మరీ బిగిస్తే దాని గొట్టం నొక్కుకుపోతుంది. లోపలి అడ్డగీత వంకర లేకుండా చూసుకోవాలి. కంటికీ స్కోపుకూ మధ్య మూడు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి, లేకపోతే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ చిట్లుతుంది. తర్వాత బోల్టు తీసేసి, గొట్టంలోంచి గురిబొమ్మను చూసి, స్కోపు గీతల్ని దానికి కలపాలి. మొదట పాతిక గజాల నుంచి కాల్చి, అది కుదిరాక వంద గజాలకు వెళ్లాలి. ఇవేమీ చేయకుండా అడవిలోకి పోయినవాడు జింకను చంపడు, కుంటిదాన్ని చేసి వదిలేస్తాడు. అది ఏ పొదలోనో రెండు రోజులు కొట్టుకుని చస్తుంది. కాబట్టి అంతవరకూ బావగారికి నా నమస్కారం.

చిక్కంతా ఆ తర్వాతే. వంద గజాల దగ్గర తూటాలు రెండు అంగుళాల లోపల పడుతున్నాయి. వేటకు ఇక చాలు. బావగారికి చాలదు. అది అంగుళం కావాలి, అంగుళం అర అంగుళం కావాలి. అందుకని గొట్టాన్ని 'బ్రేక్ ఇన్' చేస్తారు. ఒక తూటా కాల్చడం, గొట్టం తుడవడం, మళ్లీ ఒకటి కాల్చడం, మళ్లీ తుడవడం. దీనివల్ల ఒరిగేదేమైనా ఉందా అన్నదానిపై గొట్టాలు తయారుచేసేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. దుకాణంలో దొరికే తూటాలు నచ్చక గ్యారేజీలో సొంతంగా తయారుచేస్తారు. మందును గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూస్తారు. కంసాలి కాటా తెలిసినవాళ్ల కోసం చెబుతున్నాను, అది గురివింద గింజ ఎత్తులో సుమారు ఇరవయ్యో వంతు. ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్నది మాత్రం ఆయన ఇప్పటికీ చెప్పలేరని మా చెల్లెమ్మ ఫిర్యాదు.

ఇంతా చేసి సాధించిందేమిటో జేబులోంచి తీసి చూపిస్తారు. నాలుగు మడతల కాయితం. నడుమ ఎర్రటి చుక్క, చుక్కకు కుడిపక్కన ఒకదాన్నొకటి ఒరుసుకున్న మూడు చిల్లులు, పక్కన బాల్‌పెన్‌తో అర అంగుళం అని కొలత, తేదీ, ఆనాటి గాలి వేగం. మడత సరిగ్గా చిల్లుల మీద పడకుండా జాగ్రత్తపడ్డారు. బాగుంది. కానీ అదే కాయితం మీద, ఎడమవైపు అంచున, ఇంకో చిల్లు ఉంది. "అదేమిటి బావగారూ?" అంటే, "అది లెక్కలోకి రాదు బావా, ఫ్లయర్" అన్నారు. దారి తప్పిన తూటా అన్నమాట. మూడు దగ్గర పడితే తుపాకీ గొప్పతనం, నాలుగోది దూరం పడితే దాని ఖర్మ. ఈ సూత్రం మన తిరువూరులో ఓడిపోయిన అభ్యర్థులకు తెలియదు గానీ, తెలిస్తే తమకు రాని ఓట్లన్నీ ఫ్లయర్లని పక్కన పెట్టి ప్రమాణస్వీకారానికి వెళ్లిపోయేవారు.

పైగా మూడు తూటాలతో ఏం తెలుస్తుంది? అదే తుపాకీతో, అదే బల్ల మీద నుంచి ఇరవై కాల్చి ఇరవయ్యీ కొలిస్తే ఆ అర అంగుళం పెరిగి పెద్దదవుతుంది. ఆ సంగతి బావగారికి తెలుసు. అందుకే ఇరవై కాల్చిన కాయితాన్ని ఇండియాకు తీసుకురారు.

అసలు జింక దగ్గరికి వద్దాం. జబ్బ వెనక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల వెడల్పుంటుంది. టిఫిన్ ప్లేటంత. అక్కడ తగిలితే జింక పడుతుంది, ఆ ప్లేటులో ఏ మూల తగిలిందని అది అడగదు. అర అంగుళం తుపాకీకీ రెండు అంగుళాల తుపాకీకీ తేడా జింకకు తెలియదు. బల్ల మీద ఇసుక సంచుల్లో కుదురుగా పెట్టి కాల్చడానికీ, నిలబడి చేతులతో ఎత్తి కాల్చడానికీ ఉన్న తేడా మాత్రం దానికి బాగా తెలుసు. ఆయాసపడుతూ, గుండె దడదడలాడుతూ, కొమ్ములు కనబడగానే వేళ్లు వణుకుతూ ఉన్నప్పుడు ఆ అర అంగుళం అడుగున్నర అవుతుంది. అడవిలో ఇసుక సంచులెవరు మోస్తారు?

ఆ మాటంటే బావగారు నవ్వారు. అక్కడ అడవిలో తిరగక్కర్లేదట. టెక్సాస్‌లో ప్రైవేటు రాంచ్‌ల్లో టైమరు పెట్టిన డబ్బాలుంటాయి. వేళకింత మొక్కజొన్నగింజలు చిమ్ముతాయి. జింకలు వేళకు వచ్చి తింటాయి. దూరం ముందే కొలిచి పెట్టుకున్న చెక్కగదిలో, కిటికీ గట్టు మీద తుపాకీ ఆనించి, కుర్చీలో కూచుని కాల్చడమే. విస్సన్నపేట మండలంలో మొక్కజొన్న వేసిన రైతు అడవిపందులు రాకుండా రాత్రంతా డబ్బా వాయిస్తూ మంచె మీద జాగారం చేస్తాడు. అక్కడ బావగారు డబ్బులు పోసి మొక్కజొన్న కొని, రమ్మని జంతువుల్ని పిలుస్తున్నారు. ఈ రెండు సంగతులూ ఒకేసారి విన్న మా కౌలురైతు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టీ డబ్బులు కూడా బావగారే ఇవ్వాలన్నాడు.

ఇంతకీ అక్కడ పడే జింకల్లో మన నల్లమల చుక్కల దుప్పి జాతి కూడా ఉంది. 1932లో దాన్ని టెక్సాస్ తీసుకెళ్లి వదిలారు. అక్కడి లెక్కలో అది పరాయి జంతువు, అందుకని వేటకు సీజను లేదు, ఏడాది పొడుగునా వేటాడవచ్చు. వీసా లెక్కలో బావగారూ పరాయివారే. కాకపోతే దుప్పి గ్రీన్‌కార్డు క్యూలో నిలబడకుండానే స్థిరపడిపోయింది. ఆ అక్కసుతో కాలుస్తున్నారేమో తెలియదు.

గురి గురించి ఇంత మాట్లాడేవాళ్లు దశరథుణ్ణి ఎందుకు తలవరో నాకర్థం కాదు. స్కోపు లేదు, వెలుతురు లేదు. నీళ్ల చప్పుడు విని చీకట్లో బాణం వేశాడు. వీసమెత్తు తప్పలేదు. ఏనుగనుకున్నది మునికుమారుడయింది, అంతే. వేటలో జరిగే ఘోరాలన్నీ గురి తప్పడం వల్ల జరిగేవి కావు. అక్కడున్నదేమిటో చూడకముందే వేలు నొక్కడం వల్ల జరిగేవీ ఉన్నాయి. ఆ వేలిని ఆపే మర ఏ కంపెనీ స్కోపులోనూ లేదు.

కిందటి సంక్రాంతికి మామిడితోటలో బావగారి ప్రదర్శన కూడా చూశాం. తుపాకీ విమానంలో రాదు కాబట్టి, లైసెన్సు అక్కర్లేని పాయింట్ వన్ సెవెన్ సెవెన్ ఎయిర్‌గన్ ఒకటి ఎవరో తెచ్చారు. గట్టు మీద కూల్‌డ్రింక్ సీసా నిలబెట్టారు. బావగారు నిలబడి కాల్చారు. సీసా నిలబడే ఉంది. గాలి అన్నారు. మామిడాకు కూడా కదలడం లేదు. పెల్లెట్ నాసిరకం అన్నారు. దీనికి జీరో, అంటే గురి, కుదర్చలేదన్నారు. చివరికి సీసా వంకరగా ఉందన్నారు. పక్కన తోట కాపలాదారు ఉండేలు తీసి ఒక రాయి వేశాడు. అతనికీ తగల్లేదు. అతను గాలిని తిట్టలేదు, రాతిని తిట్టలేదు, వంగి ఇంకో రాయి ఏరుకున్నాడు.

ఇక్కడి తుపాకులేదో గొప్పవని నేననడం లేదు. ఆయుధ చట్టం 1959లోనే పంట కాపలాకు మందుకూరే తుపాకీకి లైసెన్సు ప్రస్తావన ఉంది. ఇప్పుడు మన చుట్టుపక్కల లైసెన్సు తుపాకీ అంటే ఎక్కువగా హోదా. పెద్దింటి ముందుగదిలో గోడకు ఉంటుంది, లేదా బ్యాంకు గుమ్మం దగ్గర కాపలావాడి భుజాన ఉంటుంది. ఎన్నికలొస్తే ఇళ్లలోవాటిని సాధారణంగా స్టేషనుకు వెళ్లి అప్పగించి, అయ్యాక తెచ్చుకోవాలి. దాని గురి ఎంతో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. ఆ మేరకు అది బావగారి రైఫిల్ కంటే నిజాయితీ గలది.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడని మనకో సామెతుంది. వాడు మద్దెలను తిట్టి ఊరుకున్నాడు. బావగారు ఒక మెట్టు పైకి వెళ్లి, ఏటా కొత్త మద్దెల కొంటున్నారు. ఈ ఏడు ట్రిగ్గర్ మార్చారు, వచ్చే ఏడు గొట్టమట. తుపాకీలో మార్చడానికి ఇంకా చాలా భాగాలున్నాయి. మారాల్సినది దాని వెనక ఉన్న మనిషి. ఆ విడిభాగం దుకాణంలో దొరకదు. రోజూ ఖాళీ తుపాకీ ఎత్తి పట్టుకుని, ఊపిరి బిగించి, కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం అలవాటు చేసుకోవాలి. దానికి తూటా ఖర్చు లేదు. అందుకే కాబోలు ఎవరూ చేయరు.

మన దగ్గర మాత్రం ఆ సరదా తీర్చుకుందామని ఎవరూ అనుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. జైలుకు మూడు తూటాలూ అక్కర్లేదు, ఒక ఫ్లయర్ చాలు.

వచ్చే సంక్రాంతికి దిగబోయే బావగార్లందరికీ ఒక మనవి. ఆ మూడు చిల్లుల కాయితాన్ని తప్పక తెండి, టీ బంకులో అందరం మెచ్చుకుంటాం. దాంతో పాటు ఇంకో కాయితం కూడా తెండి. మధ్యలో టిఫిన్ ప్లేటంత గుండ్రం గీసి, వంద గజాల దూరంలో, బల్లా సంచులూ లేకుండా, నిలబడి కాల్చిన ఐదు తూటాల కాయితం. ఐదూ లెక్కలోకి రావాలి.